రీళ్లు దాస్తే చాలదు, పేర్లూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న కోడంబాకంలో ఫిల్ము ల్యాబులో పనిచేశారు. ఆయన పోయాక అటక దులుపుతుంటే తుప్పు పట్టిన డబ్బా ఒకటి దొరికింది. మూత తీయగానే వెనిగర్ ఒలికినట్టు ఘాటు వాసన. లోపల 16 ఎం.ఎం. రీలు, 400 అడుగులు. నడిపితే 11 నిమిషాలు. 1960లలో టికెట్టు పెట్టి ఆడించిన కుస్తీ.

దారా సింగ్, కింగ్ కాంగ్ అనే వస్తాదులెవరో మా తరానికి వేరే చెప్పక్కర్లేదు. ఈ రీల్లో వాళ్లు లేరు. పెద్ద జోడీ వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టే నలుగురు వస్తాదులున్నారు. శబ్దం లేని రీలు, పేర్లు కూడా లేవు.

ఇలాంటి రీళ్లను ఎవరూ మనవనుకోరు. క్రీడలవాళ్లు 'గెలుపోటములు ముందే మాట్లాడుకున్నవి కదా' అంటారు, సినిమావాళ్లు 'కుస్తీ కదా' అంటారు. మాట్లాడుకున్నవే కావచ్చు. ధోబీపట్టు వేసి విసిరితే వీపు చెక్కబల్లకు తగలడం మాత్రం ఉత్తుత్తిది కాదు.

ఆ వాసన వస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతోందని అర్థం. వేడి, చెమ్మ దాన్ని తినేస్తాయి, మన చెన్నైలో రెంటికీ కొదవ లేదు. ఆ తెగులు పక్క డబ్బాకూ సోకుతుంది. చల్లటి గదిలో పెడితే నెమ్మదిస్తుంది, అంతే. అప్పటికే రీలు ముడుచుకుపోయి అంచు చిల్లులు చక్రం పళ్లకు కుదరవు. ఇది తెలియక మేం మొదట ఇచ్చినచోట మామూలు ప్రొజెక్టరు ఎక్కించి రెండు చోట్ల తెంపారు. పైగా బొమ్మను ఇప్పటి టీవీ వెడల్పుకి సాగదీసి, డప్పుల మోత అతికించారు. అసలే పీపాల్లాంటి మనుషులు, ఇంకా సాగదీయాలా?

మరోచోట సరిగ్గా స్కాన్ చేయించి అమ్మకు చూపించాం. ఎనభై దాటిన మనిషి. "ఒరే, చెవి నలిగిపోయిన ఆయన పాల డిపో పక్కన ఉండేవాడురా" అని పేరుతో సహా చెప్పింది.

నేను అడిగేది అదే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచీ ఉంది. తరమణిలోని రోజా ముత్తయ్య గ్రంథాలయం పాత పత్రికలు, నోటీసులు దాస్తోంది. పేర్లు దొరకడానికి రీళ్లను అలాంటి నోటీసులతో పోల్చి చూడండి. కత్తిరించకుండా, సంగీతం అంటించకుండా పెరంబూరులోనో చాకలిపేటలోనో పెద్దవాళ్లకు వేసి, వాళ్లు చెప్పేది రికార్డు చేయండి. హక్కుల గొడవంటారా, మన కాపీరైట్ చట్టంలో విడుదలైన చిత్రానికి 60 ఏళ్లే గడువు. 1960ల తొలినాళ్ల న్యూస్‌రీళ్లకు అది తీరిపోయింది. ఫిల్ముకైతే చల్లగది ఉంది, చూసినవాళ్ల జ్ఞాపకానికి ఏ గదీ లేదు.

అమ్మ చెప్పిన పేరు కొత్త డబ్బా మూత మీద రాసిపెట్టాం. ఇంకా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి.

— ఒక పాఠకుడు, సాలిగ్రామం, చెన్నై