వార్షిక నివేదిక 2024–25: తడిసిన ఆల్బమ్‌లు, పాత నెగెటివ్‌లు, మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బెజవాడలో మన ఫొటోగ్రఫీ సంఘం చేసిన పనుల వివరం ఇది. ప్రతి ఏడాదీ కార్యదర్శి నివేదిక పతకాలతో మొదలవుతుంది. ఎవరి ఫొటోకి ఏ సలాన్‌లో (ఫొటోల పోటీ ప్రదర్శనలో) యాక్సెప్టెన్స్ (ఎంపిక) వచ్చింది, ఎవరు ఏ గుర్తింపుకి దరఖాస్తు పెట్టారు అన్నది ముందు చెప్పి, మిగతావి తర్వాత చెబుతాం. ఈసారి ఆ వరుస మార్చాను. కారణం సెప్టెంబరు. ఆ నెల తర్వాత మనం చేసిన పనులన్నీ దానికి ముడిపడి ఉన్నవే.

వరద

సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఎలా వచ్చాయో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇది చదువుతున్నవారిలో కొందరు ఆ నీళ్లలోనే ఉన్నారు. మరోవైపు కృష్ణకి ఎన్నడూ రానంత నీరు వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ గేట్లకి పడవలు గుద్దుకున్నప్పుడు మన సభ్యులు ఇద్దరు అక్కడే ఉండి ఫొటోలు తీశారు. అవి మంచి ఫొటోలు, వార్తాపత్రికలో కూడా వచ్చాయి. కానీ ఈ నివేదికలో నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆ ఫొటోల గురించి కాదు.

నీళ్లు తీసిన తర్వాత మన సభ్యుడొకరు బిస్కెట్ ప్యాకెట్లు, మంచినీళ్లు పంచడానికి వెళ్లారు. ఒక ఇంటి ముందు బురదలో పెళ్లి ఆల్బమ్, ఫ్రేములు, ఒక ప్లాస్టిక్ సంచి నిండా ఫొటోలు కుప్పగా పడేసి ఉన్నాయి. మునిసిపాలిటీ బండి వస్తే ఎత్తి పంపేద్దామని అలా పెట్టారట. ఆ ఇంటావిడ ఒక ఫ్రేము మాత్రం పక్కన పెట్టుకుని కూర్చుంది. "మా ఆయన ఫొటో ఇదొక్కటేనయ్యా, ఫోన్‌లో కూడా లేదు" అంది. ఆ రాత్రి మన సభ్యుడు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "మనం ఫొటోగ్రాఫర్లం కదా, తడిసిన ఫొటోని ఏం చేయాలో మనకి తెలుసా?"

నిజం చెప్పాలంటే మనలో చాలామందికి తెలియదు. డార్క్ రూమ్‌లో పనిచేసిన పెద్దవాళ్లు నలుగురు ఉన్నారు కాబట్టి సరిపోయింది. లాబ్‌లో కడిగి తీసిన ఫొటో పుట్టిందే నీళ్లలో. అందుకే మంచినీళ్లలో మళ్లీ తడిపితే దానికి ప్రమాదం లేదు. అసలు ప్రమాదం బురదతో ఒకదానికొకటి అంటుకుని ఎండిపోవడం. ఎండాక విడదీస్తే ఒక ఫొటోలోని మొహం రెండో ఫొటో వెనక్కి వెళ్లిపోతుంది.

మరుసటి ఆదివారం నుంచి ఒక సభ్యుడి ఇంటి డాబా మీద పని మొదలుపెట్టాం. వరసగా నాలుగు ప్లాస్టిక్ టబ్బుల్లో చల్లటి మంచినీళ్లు పెట్టాం. మొదటి టబ్బులో బురద వదులుతుంది, నాలుగో టబ్బుకి వచ్చేసరికి నీళ్లు తేటగా ఉంటాయి. అంటుకున్న కట్టని నానబెట్టి వాటంతట అవే విడిపోయేదాకా ఆగాలి. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టకూడదు. తర్వాత నీడలో, ఫ్యాన్ గాలి తగిలేలా తాడుకి క్లిప్పులతో వేలాడదీయాలి. న్యూస్ పేపర్ మీద ఆరబెట్టకండి, సిరా అంటుతుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని లాగకుండా అద్దంతో సహా నీళ్లలో ముంచాం. ఆ రోజుకి చేయలేనివాటి మధ్య బటర్ పేపర్ పెట్టి, సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో దాచాం. ఐస్‌క్రీమ్ షాపు నడిపే మన సభ్యుడొకరు తన ఫ్రీజర్‌లో ఒక అర మనకి ఇచ్చారు.

పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు బాగా నిలబడ్డాయి. 1990ల నాటి రంగు ఫొటోలు అంచుల్లో కరిగినా మొహాలు చాలావరకు దక్కాయి. దక్కనివి కరిజ్మా ఆల్బమ్‌లు, అంటే ఫొటోలని పేజీల మీదే డిజైన్ చేసి అచ్చువేసే పెళ్లి ఆల్బమ్‌లు. పేజీలు ఉబ్బి, పొరలు ఊడి, ఒక్కటీ చేతికి రాలేదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసుకున్నవి రంగు నీళ్లయిపోయాయి. మన సభ్యుల్లో సగం మంది పెళ్లి ఫొటోలే వృత్తిగా ఉన్నవాళ్లు. వాళ్లకి ఇది గట్టిగా తగిలింది. వేలకి వేలు తీసుకుని చేసిచ్చిన ఆల్బమ్ పోయి, అమ్మమ్మ కాలపు కార్డు సైజు ఫొటో మిగిలింది. అందుకే అక్టోబరు సమావేశంలో ఒక నిర్ణయం తీసుకున్నాం. ఇకపై మన సభ్యులు పెళ్లి ఫొటోలు తీసిన ప్రతి ఇంటికీ ఆల్బమ్‌తో పాటు కనీసం పది విడి ఫొటోలు లాబ్ ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఇస్తారు. ఖర్చు పెద్దగా ఉండదు. దయచేసి పాటించండి.

అక్టోబరు చివరికి 46 కుటుంబాల ఫొటోలు మన చేతుల మీదుగా వెళ్లాయి. అన్నీ బాగుపడ్డాయని చెప్పను. కొన్నింట్లో చీర అంచు ఒక్కటే మిగిలింది. అదీ తీసుకెళ్లారు.

మన సభ్యులు ముగ్గురి ఇళ్లు కూడా మునిగాయి. కెమెరాలు, లెన్సులు పోయాయి. ఇరవై ఏళ్ల పని ఉన్న హార్డ్ డిస్కులు ఒకరివి అటక మీద ఉండబట్టి బతికాయి, ఇంకొకరివి మంచం కింద ఉండి పోయాయి. ఫొటోలు ఎప్పుడూ మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. అందుకని సభ్యులు ఒకరి డిస్కు ఇంకొకరి ఇంట్లో దాచుకునేలా జంటలు కట్టాం. ఇప్పటికి 14 జంటలు అయ్యాయి. మిగతావాళ్లు కూడా పేర్లు ఇవ్వండి.

వన్ టౌన్ స్టూడియో పెట్టెలు

తడిసిన ఫొటోల పని గురించి ఆ నోటా ఈ నోటా తెలిసి, అక్టోబరులో వన్ టౌన్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారు నడిపిన స్టూడియో మూసేస్తున్నారు. "నెగెటివ్‌లు పాత సామాను అతనికి ఇచ్చేద్దామనుకున్నాం. మీకేమైనా పనికొస్తాయా?" అని అడిగారు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది. ఆ వెండి కోసం కిలోల లెక్కన కొనేవాళ్లు ఊరూరా ఉన్నారు. మన జిల్లాల్లో ఎన్ని స్టూడియోల నెగెటివ్‌లు ఇలా కరిగిపోయాయో తలచుకుంటే బాధేస్తుంది.

మర్నాడే వెళ్లాం. పదకొండు పెట్టెలు. ఎక్కువగా 120 ఫిల్ము (పాత కెమెరాల్లో వాడిన వెడల్పాటి రోల్ ఫిల్ము), అడుగున కొన్ని గాజు పలకలు. ప్రతి నెగెటివ్ అంచున నంబరు గీసి ఉంది. మొహాల మీద సన్నటి పెన్సిల్‌తో చేసిన రీటచింగ్ వెలుతురుకి పెట్టి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. రెండు పెట్టెలు తెరవగానే వెనిగర్ వాసన వచ్చింది. ఎసిటేట్ ఫిల్ము పాడవుతోందని దానికి గుర్తు. ఆ రెండింటినీ మిగతావాటికి దూరంగా పెట్టి ముందు వాటినే కాపీ తీశాం. లైట్ ప్యానెల్ మీద నెగెటివ్ పరిచి, దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సుతో రా ఫైలు (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలు) తీసి, కంప్యూటర్‌లో తిరగేయడం మన పద్ధతి. మార్చి చివరికి 1,350 అయ్యాయి. ఇంకా రెట్టింపు ఉన్నాయి.

రాజా దీన్ దయాళ్ పేరు మనందరికీ తెలుసు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపినవాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఈ రోజు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయంటే, 1989లో ఆ సంస్థ వాటిని కొనడమే కారణం. వన్ టౌన్ స్టూడియోలో ఫొటోలు దిగింది నవాబులు కాదు. మిల్లు గుమాస్తాలు, టెన్త్ పాసైన పిల్లలు, పెళ్లిచూపులకి ఫొటో పంపాల్సిన అమ్మాయిలు, ఉద్యోగం దరఖాస్తుకి పాస్‌పోర్ట్ సైజు కావాల్సిన అబ్బాయిలు. వీటిని కొనడానికి ఏ సంస్థా రాదు కాబట్టి ఆ పని మనదే అని నా అభిప్రాయం. కార్యవర్గంలో అందరూ దీనికి ఒప్పుకోలేదు. సంఘం పని ఫొటోలు తీయడమా, పాతవి దాచడమా అని ఇద్దరు అడిగారు. సరైన ప్రశ్నే, సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెడుతున్నాం.

ప్రదర్శన

2025 ఫిబ్రవరి 7, 8, 9 తేదీల్లో మూడు రోజులు ప్రదర్శన పెట్టాం. మొత్తం 74 ఫొటోలు. ఒక గోడకి స్టూడియో నెగెటివ్‌ల నుంచి తీసిన ప్రింట్లు, ఎదురు గోడకి వరదలో దక్కిన ఫొటోలు. వరద ఫొటోల మరకలు కంప్యూటర్‌లో తుడిచేయాలా వద్దా అని రెండు సమావేశాలు వాదించుకున్నాం. చివరికి కుటుంబానికి శుభ్రం చేసిన కాపీ ఇచ్చాం, గోడ మీద మరకతో ఉన్నదే పెట్టాం. అదే సరైందని చూసినవాళ్ల మొహాలు చెప్పాయి.

హక్కుల విషయం కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, తీసినవారు కాదు. అంటే నెగెటివ్‌లు స్టూడియోవాళ్లు ఇచ్చినా, బొమ్మలు ఆ కుటుంబాలవి. స్టూడియో రిజిస్టరులో పేర్లు పట్టుకుని వన్ టౌన్, కొత్తపేట వీధుల్లో తిరిగి, దొరికినవారి అనుమతి తీసుకున్నాకే ప్రింట్ వేశాం. దొరకనివాళ్లవి గోడకెక్కించలేదు. ఈ తిరుగుడుకే రెండు నెలలు పట్టింది. కానీ ప్రదర్శనకి జనం వచ్చింది అందువల్లే. ఒక పెద్దాయన తను చెక్క గుర్రం మీద కూర్చున్న ఫొటో ముందు మనవణ్ని నిలబెట్టి అరగంట మాట్లాడారు. ఆ ఫొటోల్లో చాలావాటి వెనక ప్రకాశం బ్యారేజీ గీసిన పరదా ఉంది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక నాన్నగారు ముచ్చటపడి గీయించారని ఆ స్టూడియో వారి అబ్బాయి చెప్పారు.

ఒక తప్పు కూడా రాయాలి. మొదటి విడత ప్రింట్లు ఇచ్చిన లాబ్‌లో బ్లాక్ అండ్ వైట్ మొత్తం ఆకుపచ్చ తిరిగి వచ్చింది. టెస్ట్ ప్రింట్ చూడకుండా 40 ఆర్డర్ చేయడం నా పొరపాటు. మళ్లీ వేయించడానికి 9,000 రూపాయలు అదనంగా అయింది.

మిగతా పనులు, అవకాశాలు

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవానికి సభ్యుల పోటీ జరిగింది. ఒక బహుమతి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆకాశం ఏఐతో చేసిందని తేలింది. ఆ సభ్యుడు తనే ఒప్పుకున్నాడు, అందుకు మెచ్చుకోవాలి. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక జర్మన్ కళాకారుడు తన బొమ్మ ఏఐది అని చెప్పి బహుమతి వద్దన్నప్పటి నుంచి ఈ చర్చ అంతటా ఉంది. ఇకపై మన పోటీలో ఒరిజినల్ ఫైలు చూపించాలి.

డిసెంబరులో కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాం, గూడబాతుల కోసం. గూళ్లకి దగ్గరగా వెళ్లి తీసిన ఫొటోలు మన పోటీలకి తీసుకోం, ఎంత బాగున్నా సరే. ఫిబ్రవరి చివర తొమ్మిది మంది పినాకిని రైల్లో చెన్నై వెళ్లి అక్కడి ఫొటో బినాలే (రెండేళ్లకోసారి జరిగే ఫొటో ప్రదర్శన) చూసి వచ్చారు. హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కి ఈసారి వెళ్లలేకపోయాం, వరద పని వల్ల. వచ్చే సీజన్‌కి ఇప్పుడే పేర్లు ఇస్తే టికెట్లు కలిపి తీద్దాం.

అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ గుర్తించిన సలాన్‌లలో మన సభ్యులు ఆరుగురికి యాక్సెప్టెన్స్‌లు వచ్చాయి. అభినందనలు. ఎంట్రీ ఫీజు కట్టే ముందు నిబంధనలు చివరిదాకా చదవండి. పంపిన ప్రతి ఫొటోనీ నిర్వాహకులు ఎక్కడైనా వాడుకోవచ్చని రాసి ఉంటే ఆ పోటీకి దూరంగా ఉండండి. ఫీజు లేనివి కావాలంటే సెప్టెంబరులో జరిగే వికీ లవ్స్ మాన్యుమెంట్స్ ఉంది, వికీపీడియా వాళ్ల చారిత్రక కట్టడాల ఫొటో పోటీ. ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట మన పక్కనే ఉన్నాయి. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందస్తు అనుమతి కావాలి, మర్చిపోకండి.

లెక్కలు

ఏడాది మొదట్లో నిల్వ 41,200 రూపాయలు. 58 మంది సభ్యుల చందా 58,000, విరాళాలు 36,000. ప్రదర్శనకి 62,500, వరద ఫొటోలు, నెగెటివ్ కవర్లు, తేమ పీల్చే సిలికా జెల్‌కి 18,300, ఫొటో నడకలు, తరగతులకి 9,400 ఖర్చయింది. చేతిలో ఉన్నది 45,000. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

ఇంకో పని మిగిలింది. వరద ఫొటోల్లో 212 ఇంకా ఎవరివో తెలియదు. రోడ్డు మీద, కాలువ పక్కన దొరికి మన దగ్గరికి చేరినవి. కడిగి, ఆరబెట్టి, నంబరు వేసి ఒక పెట్టెలో పెట్టాం. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా పెట్టె తెరిచి ఉంటుంది. సింగ్ నగర్, పాయకాపురం వైపు మీకు తెలిసినవాళ్లుంటే వెంటబెట్టుకుని రండి.

కార్యదర్శి