పిల్లల బరువు ఫోన్‌లో ఎక్కిస్తున్నారు, తల్లి కార్డులో గీత ఎవరు గీయాలి?

సంపాదకులకు నమస్కారం.

అంగన్‌వాడీల్లో నెలనెలా పిల్లలను జోకుతున్నారు. ఆ బరువును టీచర్లు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కిస్తున్నారు. కానీ తల్లి దగ్గర ఉండే ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డులో బరువు గీత కోసం ఇచ్చిన పేజీని, అంటే గ్రోత్ చార్టును, పట్టించుకునేవాళ్లు తక్కువ. మా వాడలో తోటి తల్లుల కార్డులు అడిగి చూశాను. టీకాల పేజీలో తేదీలన్నీ ఉన్నాయి. గ్రోత్ చార్టు మాత్రం కార్డు ఇచ్చిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఒకరిద్దరికి పుట్టినప్పటి బరువు దగ్గర చుక్క పెట్టి వదిలేశారు. హనుమకొండలో తొమ్మిది నెలల పాపను పెంచుతున్న తల్లిగా ఈ సంగతి అధికారుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

ఒక్క నెల బరువు చూసి బిడ్డ బాగా పెరుగుతోందో లేదో ఎవరూ చెప్పలేరు. మా పాప 2.6 కిలోలతో పుట్టింది. మూడో నెలలో 4.9, ఆరో నెలలో 6.1, ఇప్పుడు 7 కిలోలు. కార్డులో ఉండే ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో తొమ్మిది నెలల ఆడపిల్లకు మధ్య గీత (సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది కింద ఉంటారు) 8.2 కిలోల దగ్గర ఉంటుంది. అందుకే ఏడు అనగానే చూడవచ్చినవాళ్లంతా "పిల్ల బక్కగుంది, పాలు సరిపోతలేవేమో" అంటారు. అదే చార్టులో ఆ వయసు ఆడపిల్లకు ఆరున్నర కిలోల నుంచే పచ్చరంగు, అంటే మామూలు బరువు పట్టీ, మొదలవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాలుగు చుక్కలూ కలిపి చూస్తే మా పాప పుట్టిన నాటి నుంచి పచ్చ పట్టీ కింది భాగంలో ఒకే దారిన పైకి పోతోంది. చిన్నగా పుట్టింది, తన లెక్కలో తాను పెరుగుతోంది.

ఇంకో బాబు ఆరో నెలలో 9 కిలోలు ఉండి, తొమ్మిదో నెలలోనూ 9 కిలోలే ఉన్నాడనుకోండి. వట్టి అంకె చూస్తే ఆ వయసు మగపిల్లల మధ్య గీత దగ్గరే ఉన్నాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బొద్దుగా ఉన్నాడని దిష్టి తీస్తారు కూడా. గీత గీస్తే మూడు నెలలుగా అది అడ్డంగా సాగుతున్నట్టు కనబడుతుంది. మా పాప కంటే ముందు డాక్టరుకు చూపించాల్సింది ఆ బాబునే. ఫోన్‌లో నమోదయ్యే అంకెలు పై అధికారులకు అందుతున్నాయి సరే, రోజూ బిడ్డను చూసుకునే తల్లికి ఈ తేడా కనిపించేదెలా?

ఇంకో సంగతి కూడా తల్లులకు ముందే చెప్పాలి. పిల్లలు ఏడాది పొడుగునా ఒకే వేగంతో పెరగరు. చార్టు మధ్య గీత ప్రకారం ఆడపిల్ల మొదటి మూడు నెలల్లో రెండున్నర కిలోలకు పైగా పెరుగుతుంది. తొమ్మిదో నెల నుంచి ఏడాది నిండేలోపు పెరిగేది 700 గ్రాములే. ఇది తెలియని ఇళ్లలో సరిగ్గా ఆ నెలల్లోనే టెన్షన్ మొదలవుతుంది, బలవంతంగా తినిపించడం మొదలవుతుంది. పిల్ల నోరు బిగించి ఏడుస్తుంటే ముద్ద కుక్కడం మన ఇళ్లలో రోజూ చూస్తున్నదే.

మొదటి వారంలో జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. పుట్టిన బిడ్డ తొలి రోజుల్లో తన బరువులో పదో వంతు దాకా తగ్గడం, రెండు వారాల్లోపు మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావడం మామూలే. అప్పుడు చేయాల్సింది బిడ్డ రొమ్మును సరిగా పడుతోందా, ఎన్నిసార్లు తాగుతోంది, ఎన్నిసార్లు ఒంటికి పోస్తోంది అని చూడటం. మాకు కాన్పు జరిగిన ప్రైవేటు ఆసుపత్రిలో అవేమీ అడగకుండా, 200 గ్రాములు తగ్గిందని నాలుగో రోజు చీటీ మీద డబ్బా పాల పేరు రాసిచ్చారు. మన రాష్ట్రంలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని బాలింతకు బిడ్డను రొమ్ము దగ్గర పట్టుకునే మనిషి కావాలి. డబ్బా పాల ప్రచారాన్ని అరికట్టడానికి 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, తగ్గిన 200 గ్రాములతో తల్లిని భయపెడితే చాలు, డబ్బా ఇంటికి వచ్చేస్తుంది.

"మన పిల్లలు చిన్నగనే ఉంటరు, ఆ విదేశీ చార్టు మనకు పనికిరాదు" అనే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. పాత చార్టులకైతే ఆ మాట కొంత చెల్లుతుంది. అవి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఎక్కువగా డబ్బా పాలు తాగిన పిల్లల కొలతలతో తయారయ్యాయి. 2006లో వచ్చిన ఇప్పటి చార్టు అలాంటిది కాదు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీ పిల్లలనూ కొలిచారు. తల్లిపాలు తాగి, పొగ తాగని తల్లుల దగ్గర ఆరోగ్యంగా పెరిగిన పిల్లలను తీసుకున్నారు. సరైన తిండీ సంరక్షణా దొరికితే ఎక్కడి పిల్లలైనా ఇంచుమించు ఒకేలా పెరుగుతారని అందులో తేలింది. కాబట్టి పసుపు (తక్కువ బరువు), నారింజ (మరీ తక్కువ బరువు) పట్టీల్లోకి జారిన బిడ్డను "మా వంశమే అంత" అని వదిలేయకూడదు. పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.8 శాతం మందికి వయసుకు తగ్గ బరువు లేదు. దాదాపు ముగ్గురిలో ఒకరు. అంతకు ముందు సర్వేలో ఇంతకంటే తక్కువే ఉండేది.

జోకే తీరు కూడా మారాలి. వేలాడదీసే కాంటా జోలెలో పిల్ల కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తుంటుంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంటుంది, ఆ ఊపులోనే ఒక అంకె రాసేస్తారు. ఒంటి మీద స్వెటర్, టోపీ, తడిసిన డైపర్ అన్నీ బరువులో కలుస్తాయి. పోయిన నెల అంగన్‌వాడీలో, ఈ నెల టీకాల రోజు ఇంకో కాంటా మీద చూస్తే మూడు వందల గ్రాముల తేడా ఊరికే వస్తుంది. మేడారం మొక్కుకు బంగారం (బెల్లం) జోకించేటప్పుడు ముల్లు నిలిచేదాకా ఆగుతాం కదా, బిడ్డకు ఆ మాత్రం ఆగలేమా? బట్టలు విప్పి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుని, ప్రతిసారీ అదే కాంటా మీద జోకాలి. పొడవు కొలిచే బల్లలు సెంటర్లకు ఇచ్చారు, వాటినీ వాడాలి.

ఇందులో టీచర్లను తప్పుబట్టడం లేదు. ప్రీస్కూలు, భోజనాలు, బాలామృతం (పిల్లల పోషకాహార పొడి) పంపిణీ, సర్వేలు, ఫోన్‌లో ఎంట్రీలు అన్నీ వాళ్ల మీదే. పైనుంచి అడిగేది ఫోన్ ఎంట్రీ గురించే కాబట్టి వాళ్ల చేతులు అటే పోతాయి. అందుకే నా విన్నపం సూపర్‌వైజర్లకు, వాళ్ల పై అధికారులైన సీడీపీఓలకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు). సెంటర్‌కు వచ్చినప్పుడు ఫోన్‌తో పాటు నలుగురు తల్లుల కార్డులు కూడా తెరిపించి చూడండి. గీత గీశారా, దాని అర్థం తల్లికి తెలుసా అని ఆమెనే అడగండి. గీత అడ్డం తిరిగిన బిడ్డను ఎవరి దగ్గరికి పంపారో కూడా అడగండి. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో సిగ్నల్ సరిగా అందని గూడేలున్నాయి. ఈ పని ముందుగా అక్కడ మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
హనుమకొండ