ఒక్క సీరియల్ మీదే అంత భారమా?

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో స్పార్క్‌హిల్ అనే పేట నేపథ్యంగా బీబీసీలో 2012లో మొదలైన కామెడీ ‘సిటిజన్ ఖాన్’ గురించి ఇప్పటికీ మా ముస్లిం ఇళ్లలో వాదనలు జరుగుతుంటాయి. మేకప్‌తో ఉన్న కూతురు, తండ్రి వచ్చేసరికి గబగబా హిజాబ్ చుట్టుకుని ఖురాన్ చదువుతున్నట్టు నటించే సీన్ మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. దానిపై బీబీసీకి బోలెడు ఫిర్యాదులు వెళ్లాయి. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పవిత్ర గ్రంథాన్ని నవ్వులాటలోకి లాగితే మా అమ్మలాంటి వాళ్ల మనసు నొచ్చుకుంటుంది, దాన్ని చాదస్తం అని కొట్టిపారేయడం తప్పు.

అయినా సీరియల్‌నే ఆపేయాలన్న వాళ్లతో నేను ఏకీభవించను. దాన్ని సృష్టించి, ఖాన్‌గా నటించిన ఆదిల్ రే అదే ఊళ్లో పుట్టిన ముస్లిం. సీరియల్లో ఖాన్‌లాగా, ఎవరూ ఎన్నుకోకుండానే ‘కమ్యూనిటీ లీడర్’ని అని చెప్పుకు తిరిగే పెద్దమనుషులు మసీదు కమిటీల్లో మనకు తెలియనివాళ్లా? 2016లో బ్రిటన్ ఎంపీ రూపా హక్ కూడా ఈ సీరియల్‌ని తప్పుపట్టారు. అసలు చిక్కల్లా, అంత పెద్ద చానల్లో ముస్లిం కుటుంబం కథగా అప్పట్లో ఇదొక్కటే కనిపించడం. తర్వాత 2017లో మా ఊళ్లోనే ఉన్న స్మాల్ హీత్ పేట కుర్రాళ్ల కథగా ‘మ్యాన్ లైక్ మొబీన్’ వచ్చింది. ఇక ఆడవాళ్లు రాసినవి, నర్సులవీ టీచర్లవీ కథలు కూడా రావాలి. చానళ్లను మనం గట్టిగా అడగాల్సింది వాటినే.

– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్