కెమెరాకు లాప్‌టాప్ తోడుంటే

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో నగలకూ పట్టుచీరలకూ ప్రకటన చిత్రాలు తీసే తెలుగు ఫొటోగ్రాఫర్లలో కొందరు కెమెరాను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, తీసిన ఫొటో వెంటనే దాని తెరపై కనబడేలా పనిచేయడానికి ఇంకా వెనుకాడటం నాకు వింతగా తోస్తుంది. కెమెరా చిన్న తెరపై కనబడని ఫోకస్ లోపం, రాళ్ల మీది అనవసరపు మెరుపు పెద్ద తెరపై అప్పటికప్పుడే బయటపడతాయి. దుకాణదారు కూడా అక్కడే చూసి సరేనంటారు. ఇందుకు కావలసిన సాఫ్ట్‌వేర్లలో కానన్ వారి ఈఓఎస్ యుటిలిటీ, నికాన్ వారి ఎన్ఎక్స్ టెథర్ ఉచితమే. లినక్స్ వాడేవారికి డార్క్‌టేబుల్ ఉంది.

చిక్కంతా కేబుల్‌తోనే. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవీ ఉంటాయి గనుక, ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు డేటా కూడా వెళ్తుందో లేదో అడిగి తీసుకోవాలి. సిగ్నల్‌ను బలపరిచే ఏర్పాటు లేని యూఎస్‌బీ 3 కేబుల్ పొడవు సుమారు 3 మీటర్లు దాటితే కనెక్షన్ తరచూ తెగిపోవచ్చు. కెమెరా కాసేపటికి తనంతట తానే ఆగిపోయేలా చేసే ఆటో పవర్ ఆఫ్‌ను ఆపివేయడం, పోర్టుపై లాగుడు పడకుండా కేబుల్‌ను ట్రైపాడ్‌కు కట్టడం కూడా అవసరమే. ఈ విషయమై నిపుణులచేత ఒక వ్యాసం రాయించవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, చెన్నై