ఐసెట్ కీతో పాటు వివరణ కూడా ఇవ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం ఐసెట్‌కు చదువుకునే పిల్లలు హనుమకొండలో ఎటు చూసినా కనపడతారు. ములుగు, భూపాలపల్లి, పరకాల, నర్సంపేట నుంచి వచ్చి నయీంనగర్ రూముల్లో, యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు. వాళ్లలో బీఏ, బీకాం చేసిన కొందరికి నేను లెక్కలు చెప్తుంటాను. వీళ్లకు ఏటా జరుగుతున్న ఒక నష్టాన్ని మీ పత్రిక ద్వారా ఉన్నత విద్యామండలి దృష్టికి తేవాలని ఈ ఉత్తరం.

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అందులో 20 డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు, అంటే పదో వంతు. వీటిలో జవాబు కనుక్కోవడం పని కాదు. ఇచ్చిన రెండు స్టేట్‌మెంట్లతో జవాబు కచ్చితంగా తేలుతుందో లేదో చెప్పాలి. మామూలు సమీకరణాలైతే పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. అసమానతలు, అంటే ఒకటి ఇంకోదాని కంటే పెద్దదా చిన్నదా అని చెప్పేవి, వచ్చాయంటే మాత్రం తెలివైనవాళ్లు కూడా తప్పు పెడతారు.

ఒక ప్రశ్న చూడండి. ఎక్స్, వైలు సున్నా కాని సంఖ్యలు. వై కంటే ఎక్స్ పెద్దదా? మొదటి స్టేట్‌మెంట్: ఎక్స్‌ను వైతో భాగిస్తే 1 కంటే ఎక్కువ వస్తుంది. రెండోది: వై ధన సంఖ్య. దాదాపు అందరూ మొదటిదొక్కటే చాలంటారు. "వైని అటువైపు పంపిస్తే ఎక్స్ పెద్దదని వచ్చింది కద సార్" అంటారు. సమీకరణాల్లో చేసి చేసి అలవాటైన పని అది. కానీ ఎక్స్ మైనస్ 3, వై మైనస్ 2 అనుకోండి. భాగిస్తే 1.5 వస్తుంది, షరతుకు సరిపోయింది. అయినా మైనస్ 3 చిన్నదే. అదే 3, 2 తీసుకుంటే ఎక్స్ పెద్దది. ఒకే స్టేట్‌మెంట్ మీద ఒకసారి అవునని, ఇంకోసారి కాదని వచ్చిందంటే అది చాలనట్టే. రుణ సంఖ్యతో గుణిస్తే అసమానత గుర్తు తిరగబడుతుంది. వై ధన సంఖ్యో రుణ సంఖ్యో తెలియకుండా దాన్ని అటువైపు పంపడానికి లేదు. ఆ సంగతి రెండో స్టేట్‌మెంట్ చెప్తుంది. కాబట్టి రెండూ కలిస్తేనే జవాబు తేలుతుంది.

ఒక సంఖ్య కంటే దాని వర్గం పెద్దదా అన్న ప్రశ్నకు ఒకమ్మాయి వేసుకున్న రఫ్ పేపర్ చూశాను. ఆ సంఖ్య సున్నా కంటే పెద్దదని స్టేట్‌మెంట్. ఆమె 2, 3, 5, 10 వేసి చూసింది. అన్నింటికీ అవుననే వచ్చింది కాబట్టి చాలని గుర్తు పెట్టింది. అర వేసి ఉంటే పావు వచ్చేది, అక్కడే తెలిసిపోయేది. సంఖ్య అంటే పూర్ణాంకమేనని ప్రశ్నలో ఎక్కడా లేదు. అందుకే మా క్లాసులో ముందు బోర్డు మీద సంఖ్యారేఖ గీస్తాం. మైనస్ 1కి ఎడమవైపు ఒకటి, మైనస్ 1కీ సున్నాకీ మధ్య ఒకటి, సున్నాకీ 1కీ మధ్య ఒకటి, 1 దాటాక ఒకటి వేసి చూడాలి. ఆ మూడు హద్దులనూ వదలకూడదు. రెండో స్టేట్‌మెంట్ చదివేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసేయమంటాను, లేకపోతే దాని సమాచారం తెలియకుండానే ఇందులోకి వచ్చేస్తుంది. 'కాదు' అని కచ్చితంగా తేలినా డేటా సరిపోయినట్టేనన్న సంగతి కూడా చాలామందికి కొత్త. ఎక్స్ 5 కంటే పెద్దదా అని అడిగి, అది 3 కంటే చిన్నదని చెబితే ఇంక తేలాల్సింది ఏముంది?

ఇందులో పిల్లల తప్పు లేదు. ఎంపీసీ చదివినవాళ్లకు ఇంటర్‌లో అసమానతలు వస్తాయి. సీఈసీ, హెచ్ఈసీ నుంచి డిగ్రీకి వెళ్లినవాళ్లకు వీటిని పద్ధతిగా చెప్పినవాళ్లే లేరు. పరీక్ష మాత్రం అందరికీ ఒక్కటే. ఫీజు కట్టి కోచింగ్‌లో చేరితే అక్కడ చెప్పేది, చిన్న నంబర్లు వేసి చూడు, టైం లేకపోతే ఏదో ఒకటి పెట్టెయ్, నెగెటివ్ మార్కులు లేవు కదా అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నేర్పితే వచ్చే విషయాన్ని అదృష్టానికి వదిలేయమనడం చదువు చెప్పడం కాదు.

పాత పేపర్లు చూసి సొంతంగా నేర్చుకుందామన్నా దారి లేదు. కీ ఇస్తారు, అభ్యంతరాలు కూడా తీసుకుంటారు. కానీ కీలో ఉండేది ఆప్షన్ నంబరు ఒక్కటే. మామూలు లెక్కలో జవాబు 12 అని తెలిస్తే దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లి ఎక్కడ తప్పామో చూసుకోవచ్చు. డేటా సఫిషియెన్సీలో సరైన ఆప్షన్ 4 అని తెలిసినంత మాత్రాన ఏం ఒరుగుతుంది? ఏ సంఖ్య దగ్గర ఆ స్టేట్‌మెంట్ నిలబడలేదో ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. పేపర్ తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలిసే ఉంటుంది కదా, దాన్ని రాసి ఇవ్వడానికి అడ్డేమిటి?

ఫైనల్ కీతో పాటు ఈ 20 ప్రశ్నలకైనా రెండేసి వాక్యాల వివరణ తెలుగులో, ఇంగ్లిష్‌లో ఇవ్వాలని ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను. ప్రభుత్వ స్టడీ సర్కిళ్లు అసమానతల కోసం విడిగా కొన్ని క్లాసులు పెట్టాలి. ఈ పరీక్షను ఎన్నో ఏళ్లు నిర్వహించిన కాకతీయ యూనివర్సిటీ గణిత విభాగం పాత పేపర్లకు ఇలాంటి వివరణలు రాయించి, ఉమ్మడి వరంగల్‌లోని ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ ఒక కాపీ పంపితే, కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లలు వచ్చే ఐసెట్‌కు వాటితోనే చదువుకుంటారు.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు,
హనుమకొండ