మా పత్తి అమ్ముడయ్యాక సుంకం వేశారు!

కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి గారికి,

పరకాల దగ్గరి పత్తి రైతును. ఇది మూడో విన్నపం. మొదటి రెండింటికీ రశీదు నంబర్లు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈసారి పది మందీ చదివేలా రాస్తున్నాను.

ఆస్ట్రేలియాతో 2022లో ఒప్పందం చేసుకున్నప్పుడు 51 వేల టన్నుల పత్తికి దిగుమతి సుంకం ఉండదన్నారు. అది పింజ (దూది పోగు) మరీ పొడుగుండే రకం, మీ పత్తికి పోటీ కాదన్నారు. సరే, దానితో మా కొంప మునగలేదు. కానీ 2025 ఆగస్టు 19న ఏ దేశం పత్తికైనా 11 శాతం సుంకం ఎత్తేశారు. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు. పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31 దాకా పొడిగించారు.

అయ్యా, ఈ తేదీలు ఎవరు పెట్టారు? మా దగ్గర పత్తి ఏరుడు దసరా అటూఇటుగా మొదలవుతుంది. మిత్తికి అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటే చిన్న రైతు సంక్రాంతి దాకా పత్తి ఆపుకోగలడా? పత్తి మా చేతిలో ఉన్నన్నాళ్లూ సుంకం లేదు. మా చేయి దాటాక, 2026 జనవరి 1 నుంచి మళ్లీ వచ్చింది. గోదాముల్లో నిల్వ పెట్టుకున్నవాళ్లు మీకు దండం పెడుతుంటారు.

2025-26లో మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 ఉండింది కదా అంటారు. ఉండింది. మొంథా తుపానుకు పత్తి చేలోనే తడిసింది. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు కొనరు. వాళ్ల యాప్‌లో అమ్ముకునే స్లాట్ దొరికిన రోజు ట్రాలీ కిరాయి పెట్టుకుని పోతే మిషన్ 16 చూపించింది. రోడ్డు పక్కన ఆరబోస్తే మా ఆవిడ రెండు రాత్రులు అక్కడే కాపలా పడుకుంది. మళ్లీ స్లాట్ దొరకలేదు. చివరికి బయటి వ్యాపారికి 6,300కి ఇచ్చాను. ఇదేం ధర అంటే, "విదేశీ బేళ్లు దిగుతున్నయి, మాకే గిట్టుబాటు లేదు" అన్నాడు. నిజమో అబద్ధమో గానీ, ఆ మాట అతని నోటికి అందించింది మీరే.

అమెరికా మన బట్టల మీద వేసిన 50 శాతం సుంకంతో తిరుప్పూర్ బట్టల పరిశ్రమ వాళ్లు నష్టపోయారు, వాళ్ల కోసమే పత్తి సుంకం ఎత్తేశామంటారు, కాదనను. ఆ నష్టం మా కాంటా మీదే ఎందుకు తూచాలి? 2022లో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటాల్ 10 వేలు దాటినప్పుడూ ఇలాగే సుంకం ఎత్తేశారు. ధర పెరిగినా ఎత్తేస్తారు, పడిపోయినా ఎత్తేస్తారు.

సుంకం ఆర్థిక శాఖ సంగతి అంటారేమో. ఆ రెండు ఆఫీసుల మధ్య తిరిగే ఓపిక మాకు లేదు. ఇంకెన్ని దేశాలతో సంతకాలు పెట్టినా పెట్టండి. అక్టోబరు నుంచి జనవరి దాకా సుంకం ముట్టుకోబోమని మాత్రం మృగశిర కార్తె లోపే చెప్పండి. పత్తి పెట్టాలో మక్క పెట్టాలో అప్పుడే తేల్చుకోవాలి. మక్క మీద కూడా ఏదైనా ఒప్పందం రాస్తుంటే, దయచేసి అదీ ఇప్పుడే చెప్పండి.

ఇట్లు,
పరకాల ప్రాంత పత్తి రైతు