మన కవర్ విప్పేది ఇంకో మనిషే

సంపాదకులకు నమస్కారం.

చెత్త వేరు చేయాలన్న రూల్ ఎత్తితే చాలు, 'మేం వేరు చేసినా బండిలో అంతా కలిపేస్తారు కదా, మాకెందుకీ టెన్షన్' అంటున్నారు. అలా కలిపేస్తే ముమ్మాటికీ తప్పే, గట్టిగా నిలదీయాల్సిందే. కానీ ఆ సాకుతో మిగిలిన తిండి, పాత పేపర్లు, పగిలిన గాజు గ్లాసు, వాడేసిన డైపర్ అన్నీ ఒకే కవర్లో కుక్కి ముడేసి ఇస్తే, ఆ ముడి విప్పి చేత్తో ఏరేది ఇంకో మనిషేనండి, గాజు పెంకు దిగేది ఆ చేతిలోనే. నూనె, తడి పట్టిన పేపరు రీసైక్లింగ్‌కి పనికిరాదు. విడిగా ఇస్తే ఎరువయ్యే తడి చెత్తే డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లితే మీథేన్ అనే మండే గ్యాస్ పుడుతుంది, మంటలు కూడా లేవొచ్చు. ఫైన్ వేస్తున్నారని కోప్పడేవాళ్లు, విడిగా ఇచ్చినదాన్ని విడిగానే తీసుకెళ్లే బండి పంపమని అధికారులను అడగండి. నేనూ అదే అడుగుతున్నాను.

- ఒక పాఠకురాలు